148 క్రెడిట్లు: ఢిల్లీలో చరిత్ర ఆనర్స్ చదివిన నా అనుభవం

2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసేనాటికి, బీఏ ఆనర్స్‌లో చేరితే మూడేళ్లూ చరిత్రనే ప్రధానంగా చదువుకోవచ్చు అన్న ఒక్క సంగతి తప్ప ఆ చదువు గురించి నాకేమీ తెలియదు. నకిరేకల్ దగ్గర ఒక పల్లె మాది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో హెచ్‌ఈసీ చదివాను. నాకంటే ముందు చదివినవాళ్లంతా డిగ్రీలో హెచ్‌ఈపీ తీసుకున్నారు. అందులో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడింటికీ సమాన స్థానమే కాబట్టి ఏ ఒక్కదానిలోనూ లోతుకు వెళ్లే వీలుండదని నా అభిప్రాయం. అప్పట్లో ఢిల్లీలో ప్రవేశపరీక్ష లేదు. ఒక భాష, మరో మూడు సబ్జెక్టుల మార్కుల సరాసరి తీసి, ఆయా కళాశాలలు ప్రకటించిన కటాఫ్‌తో పోల్చి సీటు ఇచ్చేవారు. ఇంటర్ మార్కులు బాగా వచ్చినందువల్ల నాకు సీటు దొరికింది. "చరిత్ర చదువనీకి అంత దూరం పోవాల్నారా?" అని తాత అడిగాడు గానీ, ప్రయాణానికి డబ్బు సర్దింది కూడా ఆయనే.

చేరిన వారంలో మా చేతికి వచ్చిన ప్రణాళికలో అన్నీ లెక్కలే. ఒక్కో పేపర్‌కు దాని బరువును బట్టి ఇన్ని క్రెడిట్లని లెక్కగట్టే సీబీసీఎస్ అనే పద్ధతి అక్కడ అంతకు ముందు ఏడాదే మొదలైంది. ఆనర్స్ పట్టా రావాలంటే ఆరు సెమిస్టర్లలో 14 కోర్ పేపర్లు, 4 డీఎస్ఈలు, 4 జీఈలు, 2 ఏఈసీసీలు, 2 ఎస్ఈసీలు, మొత్తం 26 పేపర్లు పూర్తి చేయాలి. కోర్ పేపర్లు అందరికీ తప్పనిసరి. డీఎస్ఈ అంటే చరిత్రలోనే మనం ఎంచుకునేది, జీఈ అంటే వేరే విభాగం నుంచి తీసుకోవలసినది. ఏఈసీసీలో పర్యావరణ అధ్యయనం, భాష ఉంటాయి, ఎస్ఈసీ నైపుణ్యానికి సంబంధించినది. మొదటి మూడు రకాలకు ఒక్కో పేపర్‌కు 6 క్రెడిట్లు, చివరి రెండింటికి 4 చొప్పున. అన్నీ కలిపితే 148. ఈ సంఖ్యను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకొని, సెమిస్టర్ అయిన ప్రతిసారీ అందులోంచి ఆ సెమిస్టర్ క్రెడిట్లను తీసివేసేవాణ్ని. ఆ రోజుల్లో నాకు డిగ్రీ అంటే ఆ తీసివేతే. మూడో సెమిస్టర్ దాకా ఆ ఆలోచన మారలేదు.

మొదటి సెమిస్టర్‌లో రెండు కోర్ పేపర్లు. ఒకటి భారతదేశ చరిత్ర మొదటి భాగం, రెండోది ప్రాచీన ప్రపంచంలోని సామాజిక నిర్మాణాలు, సాంస్కృతిక రీతులు. ఈ రెండో పేపర్‌ను చూసి నేను నిరాశపడ్డాను. మానవ పరిణామం, వ్యవసాయం పుట్టుక, మెసొపొటేమియాలోని కంచుయుగపు నగరాలు, ఇనుము రాకపై వాదాలు, ప్రాచీన గ్రీసులో బానిసల శ్రమ వంటివన్నీ అందులో ఉన్నాయి. కాకతీయులను, కుతుబ్‌షాహీలను చదువుకుందామని అంత దూరం వచ్చిన నాకు సుమేరియా ఎందుకన్న ప్రశ్న ఎదురైంది. 14 కోర్ పేపర్లలో ఎనిమిదే భారతదేశానివి. మిగిలిన ఆరింటిలో రెండు ప్రాచీన, మధ్యయుగ ప్రపంచానివి, రెండు ఆధునిక పాశ్చాత్య ప్రపంచపు ఆవిర్భావానివి, రెండు ఆధునిక ఐరోపావి. సగానికి కాస్త తక్కువగా పరాయి చరిత్రే చదవాలన్న నిబంధన నాకు అన్యాయంగా తోచింది.

దానికి తోడు భాష. పరీక్షను ఇంగ్లీషులోనైనా హిందీలోనైనా రాయవచ్చు. నాకు రెండూ కష్టమే, కొంతలో కొంత ఇంగ్లీషు నయం. వారానికి ఒక్కో పేపర్‌కు ఐదు తరగతులు, కొద్దిమందితో చర్చలా సాగే ఒక ట్యుటోరియల్ ఉండేవి. ఒకే పాఠ్యపుస్తకం ఉండకపోవడం నాకు మింగుడుపడని మరో సంగతి. ఒక్కో అంశానికి నాలుగైదు పుస్తకాల నుంచి ఒక్కో అధ్యాయం తీసి చదవాలి. వీటినే అక్కడ రీడింగ్స్ అంటారు. జిరాక్స్ దుకాణాల్లో వీటిని పేపర్ వారీగా కుట్టి అమ్మేవారు. నేను చేరిన ఏడాదే ఆ దుకాణాల భవిష్యత్తు కోర్టులో తేలవలసిన స్థితిలో ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని ఒక ఫొటోకాపీ దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో కొట్టివేసింది. అప్పీలు మీద 2016 డిసెంబరులో ఆ దావా తిరిగి విచారణకు వెళ్లినా, 2017 మార్చిలో ప్రచురణకర్తలే దాన్ని విరమించుకున్నారు. రీడింగ్స్‌లోని ఒక్క పుస్తకం ఖరీదు నా నెల భోజనఖర్చుకు దగ్గరగా ఉండేది కాబట్టి, ఆ తీర్పు వచ్చిన రోజు మా హాస్టల్లో జరిగిన చర్చ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటర్లో మాకు నేర్పిన జవాబు రాసే పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు పరిచయం, తర్వాత అండర్‌లైన్ చేసిన సైడ్ హెడ్డింగులు, ఒక్కో హెడ్డింగ్ కింద మూడు నాలుగు వాక్యాలు, చివర ముగింపు. ప్రాచీన ప్రపంచం పేపర్‌లో మొదటి ట్యుటోరియల్ వ్యాసాన్ని నేను అలాగే రాశాను. 'నవీన శిలాయుగ విప్లవం' అన్న పురావస్తు శాస్త్రవేత్త గార్డన్ చైల్డ్ భావన ఎంతవరకు సరైనదో పరిశీలించమన్నది ప్రశ్న. నేను నాలుగు పేజీల్లో వ్యవసాయం, పశుపోషణ, కుండల తయారీ, స్థిరనివాసం అన్న హెడ్డింగులు పెట్టి నింపాను. మేడమ్ తిరిగి ఇచ్చిన కాగితంలో నా హెడ్డింగులన్నిటినీ పెన్సిలుతో కొట్టేసి, మార్జిన్‌లో ఏడు చోట్ల ఒకే చిన్న ప్రశ్న రాశారు: ఎవరన్నారు? కింద 10కి 4 మార్కులు వేశారు. "మీరు రాసింది తప్పని నేను అనడం లేదు. ఇది మీకు ఎలా తెలిసింది, దీన్ని కాదన్నవాళ్లు ఎవరు, వాళ్లలో మీకు ఎవరి మాట సబబుగా ఉంది, ఇవి రాయకపోతే ఇది చరిత్ర వ్యాసం కాదు" అని చెప్పి, అదే వ్యాసాన్ని వారంలో మళ్లీ రాసుకు రమ్మన్నారు. వ్యవసాయం వేల ఏళ్లపాటు నెమ్మదిగా వచ్చిన మార్పైతే దాన్ని విప్లవం అనవచ్చునా అన్న ఒక్క ప్రశ్న మీద రెండోసారి రెండున్నర పేజీలు రాశాను. ఆ వ్యాసానికి ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తులేదు గానీ, మార్జిన్‌లో ఆ ప్రశ్న మాత్రం రెండే చోట్ల ఉంది.

మార్కుల విభజన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోర్ పేపర్‌లో 75 మార్కులు సెమిస్టర్ చివరి పరీక్షకు, 25 ఇంటర్నల్స్‌కు. ఇంటర్నల్స్‌లో 10 వ్యాసానికి, 10 టెస్టుకు, 5 హాజరుకు. మూడు గంటల పరీక్షలో ఎనిమిది ప్రశ్నలిస్తే నాలుగింటికి రాయాలి. ఒక్కో జవాబుకు ముప్పావు గంట దొరుకుతుంది, వాదన లేని జవాబు అంతసేపు సాగదు. హాజరు మూడింట రెండు వంతులు ఉండాలి. ఆ ఏడాది ఢిల్లీలో చికున్‌గన్యా విపరీతంగా వ్యాపించింది. సెప్టెంబరులో నేనూ పద్దెనిమిది రోజులు మంచం పట్టాను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని స్థితిలో ఉన్నా పరీక్షకు అర్హత పోతుందేమోనన్న భయంతో తరగతులకు వెళ్లాను. అర్హత నిలిచింది గానీ, హాజరుకిచ్చే ఐదు మార్కుల్లో చాలావరకు పోయాయి. కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట చెబుతాను: వైద్యుడి ధ్రువపత్రాన్ని జబ్బు తగ్గిన వారంలోనే కళాశాలలో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నేను ఆ పని సెమిస్టర్ చివరిదాకా వాయిదా వేశాను.

జీఈల విషయంలోనూ తొలి ఎంపిక సరిగా చేసుకోలేకపోయాను. ఇంటర్లో అర్థశాస్త్రం బాగా వచ్చేది కదా అని మొదటి సెమిస్టర్‌లో అదే తీసుకున్నాను. అక్కడి సూక్ష్మ అర్థశాస్త్రం సమీకరణాలతో, వక్రరేఖలతో నడుస్తుంది. పదో తరగతితో గణితం వదిలేసిన నేను అందులో గట్టెక్కడానికి పడిన శ్రమను మరో కోర్ పేపర్ మీద పెట్టి ఉంటే బాగుండేది. తర్వాతి మూడు జీఈలూ రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రాల నుంచి తీసుకున్నాను. ఏఈసీసీలు రెండూ ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండో సెమిస్టర్‌లో మధ్యయుగ ప్రపంచం పేపర్ ఉంది. రోమన్ గణతంత్రం దగ్గర మొదలై, ఏడు నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా పశ్చిమ ఐరోపా గ్రామీణ వ్యవస్థ, మధ్య ఇస్లామిక్ ప్రాంతాల సమాజాలు అందులో వస్తాయి. ఐరోపా ఫ్యూడలిజం పాఠం వినేటప్పుడు నా నోటుపుస్తకంలో దానికి ఎదురుగా 'భూస్వామ్య వ్యవస్థ' అని రాసుకున్నాను. మన పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, ఉపన్యాసాల్లో దానికి వాడే మాట అదే. నల్గొండ జిల్లాలో పెరిగినవాడికి భూస్వామి అన్న మాట వినగానే గడి, దొర, వెట్టి కళ్లముందుకు వస్తాయి. మా తాత చెప్పే తెలంగాణ సాయుధ పోరాటకాలపు కథలన్నీ వాటి గురించే. పాఠం ఎంత విన్నా నేను ఫ్రాన్సులోని మేనర్‌లో, అంటే ప్రభువు ఎస్టేటులో, మా ఊరి గడినే చూస్తున్నాను. సైనిక సేవకు బదులుగా ప్రభువు తన అనుచరుడికిచ్చే మాన్యం, వారి మధ్య ప్రమాణంతో ఏర్పడే బంధం, భూమిని విడిచి వెళ్లే హక్కు లేని సెర్ఫు, అతడు ప్రభువు సొంత పొలంలో వారంలో కొన్ని రోజులు చేయవలసిన చాకిరీ, ఇవన్నీ కలిసిన ఒక ప్రత్యేకమైన ఏర్పాటు అదని, అధిక భూమి ఉన్న ప్రతివాడి పెత్తనమూ ఫ్యూడలిజం కాదని అర్థం కావడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. కొందరు రాసే 'సామంత వ్యవస్థ' అన్న మాటకూ ఇబ్బంది ఉంది. అది రాజుకు, అతని కింది పాలకుడికి మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది గానీ, రైతు సంగతి చెప్పదు. చివరికి ఆ పేజీలో తెలుగు మాటను కొట్టేసి 'ఫ్యూడలిజం' అనే ఉంచాను. ఒక మాటను అనువదించకుండా వదిలేయడం కూడా చదువులో భాగమని నాకు అప్పుడు తెలిసింది.

మూడో సెమిస్టర్‌లో భారతదేశ చరిత్ర మూడో భాగం, అంటే క్రీ.శ. 750 నుంచి సుమారు 1200 వరకు. అందులో తొలి అంశమే భారతదేశంలో ఫ్యూడలిజం ఉండిందా అన్న చర్చ. బ్రాహ్మణులకూ ఆలయాలకూ రాజులిచ్చిన భూదానాల వల్ల అధికారం ముక్కలై, వర్తకమూ పట్టణాలూ క్షీణించి, రైతులు కొత్త భూయజమానుల వశమై ఒక తరహా ఫ్యూడలిజం ఏర్పడిందని చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ వాదించారు. ఐరోపా సెర్ఫుకు భిన్నంగా ఇక్కడి రైతు తన ఉత్పత్తి విధానాన్ని చాలామటుకు తన చేతిలోనే ఉంచుకున్నాడని, అందువల్ల ఆ పేరు ఇక్కడ అతకదని మరో చరిత్రకారుడు హర్బన్స్ ముఖియా 1981లో ప్రశ్నించారు. ఆ కాలాన్ని కేంద్రాధికారపు పతనంగా కాక, స్థానికంగా కొత్త రాజ్యాలు పుట్టుకొచ్చిన కాలంగా చూడాలన్నారు బి.డి. చట్టోపాధ్యాయ. ఈ ముగ్గురినీ చదువుతున్నప్పుడు, ఐరోపా పాఠం ముందు చదవకపోతే ఈ చర్చలో ఒక్క వాక్యం కూడా నాకు బోధపడేది కాదని తెలిసింది. 'ఇక్కడ అది లేదు' అనాలంటే 'అక్కడ ఏముంది' అన్నది తెలిసి ఉండాలి. రెండో సెమిస్టర్‌లో అది, మూడో సెమిస్టర్‌లో ఇది పెట్టిన క్రమం నన్ను ఆశ్చర్యపరిచింది. నేను అన్యాయమనుకున్న ఆరు పేపర్లలో మొదటి రెండూ భారతదేశ చరిత్ర చదవడానికే నన్ను సిద్ధం చేశాయి. నోటుపుస్తకం మొదటి పేజీలో తీసివేతలు మానేసింది ఆ శీతాకాలంలోనే.

అదే సెమిస్టర్‌లో నా ఎస్ఈసీ పేపర్ పత్రాగారాలు, మ్యూజియాల గురించినది. 4 క్రెడిట్ల పేపర్ కాబట్టి చాలామంది దాన్ని తేలికగా తీసుకునేవారు. మా తరగతిని జన్‌పథ్‌లోని జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) తీసుకువెళ్లారు. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్ట్‌మెంట్‌గా మొదలైన ఆ సంస్థ 1926లో ప్రస్తుత భవనంలోకి వచ్చింది. పాత కాగితం చిరిగిన చోట పలుచని పొరను అద్ది సరిచేస్తున్న ఒక ఉద్యోగి చేతుల్ని నేను చాలాసేపు చూశాను. ఆధారం అన్న మాట అంతవరకు నాకు వ్యాసంలో రాసే ఒక పేరు మాత్రమే. ఆరోజు దానికి బరువు, వాసన, చిరుగు ఉన్నాయని తెలిసింది.

ఆ సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు చందుపట్ల వెళ్లాను. మా మండలంలోనే, నకిరేకల్‌కు దగ్గర్లో ఉన్న ఊరు. రుద్రమదేవి మరణాన్ని తెలిపే శాసనం అక్కడ ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నా ఒక్కసారీ చూడలేదు. 1289 నవంబరు నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని దేవుడికి భూమి దానం చేసినట్టు ఉంది. రాణి మరణకాలాన్ని చరిత్రకారులు నిర్ణయించుకున్నది దీని ఆధారంగానే. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఆమె మరణించి ఉంటుందన్నది వారి ఊహ. శాసనంలో యుద్ధం మాట లేదు. మధ్యాహ్నపు ఎండలో అక్షరాలు అసలు కనిపించలేదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడ్డాక ఒక్కో గీతా నీడ పట్టి పైకి తేలింది. నాకు చదవగలిగినవి నాలుగైదు అక్షరాలే. నా మాతృభాషలో ఉన్న రాతిని నేను చదవలేకపోవడం నన్ను చాలా బాధించింది. మూడేళ్లలో నేను చదివిన ఏ పేపరూ ఒక మూలాధారాన్ని దాని మూలభాషలో, మూలలిపిలో చదవమని కోరలేదు. ఆనర్స్ విద్యార్థి కనీసం ఒక శాసనాన్నో, ఒక దస్తావేజునో స్వయంగా చదివి వ్యాఖ్యానించాలన్న నియమం ఎక్కడైనా ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఢిల్లీ తిరిగి వెళ్లాక గ్రంథాలయంలో చరిత్రకారిణి సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన పుస్తకం తీసుకున్నాను. కాకతీయుల కాలపు శాసనాలను వందలుగా పరిశీలించి ఆమె రాసినది అది. దానాలు చేసినవారు తమను తాము వర్ణంతో, కులంతో చెప్పుకోవడం ఆ శాసనాల్లో అరుదని, నాయక, రెడ్డి, సెట్టి, బోయ వంటి బిరుదులతోనే చెప్పుకున్నారని ఆమె చూపించారు. దానశాసనం అనగానే రాజు, బ్రాహ్మణుడు అనుకునే నా అలవాటును ఆ పుస్తకం మార్చింది. పువ్వుల ముమ్మడి రాజు కాదు, మల్లికార్జున నాయకుడి బంటు. శర్మ, ముఖియా చర్చకు ఆ రాయిని ముందు పెట్టుకొని నాలుగో సెమిస్టర్‌లో ఒక వ్యాసం రాశాను. మూడేళ్లలో నేను రాసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

చివరి రెండు సెమిస్టర్లలో డీఎస్ఈలు నాలుగు. జాబితాలో అమెరికా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా వంటి పేర్లు చాలా ఉన్నా, ఏ కళాశాలైనా తమ అధ్యాపకులు బోధించగలిగినవే తెరుస్తుంది. నేను సోవియట్ యూనియన్ చరిత్ర రెండు భాగాలూ, చైనా, జపాన్ చరిత్రలూ తీసుకున్నాను. సోవియట్ పేపర్ తీసుకోవడానికి కారణం మా ఇంటి అటకమీది 'సోవియట్ భూమి' పత్రికల కట్ట. ట్రాక్టర్ల పక్కన నవ్వుతూ నిలబడిన సమష్టి వ్యవసాయ క్షేత్రాల రైతుల బొమ్మలు చూస్తూ పెరిగాను. రైతుల పొలాలను బలవంతంగా ఉమ్మడి క్షేత్రాల్లో కలిపిన సమష్టీకరణ మీద, 1932-33 నాటి కరువు మీద రీడింగ్స్ చదివిన వారం నిద్ర పట్టలేదు. సెలవుల్లో తాతకు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకొని, "మాకు అప్పుడు గవి తెల్వదురా" అన్నాడు. ఆ మాటను నేను ఏ వ్యాసంలోనూ రాయలేదు, రాయడానికి మనసు రాలేదు. లెక్క చూసుకుంటే నేను చదివిన 18 చరిత్ర పేపర్లలో భారతదేశానివి 8, బయటి ప్రపంచానివి 10.

2019లో పట్టా వచ్చింది. ఇప్పుడు అక్కడ ఈ లెక్కలన్నీ మారాయి. 2022 నుంచి ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా జరుగుతోంది. ఒక్కో ప్రధాన పేపర్‌కు 4 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 22. మూడేళ్లకు 132 క్రెడిట్లతో ఆపవచ్చు, నాలుగేళ్లకు 176. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023-24లో డిగ్రీలో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతిని ప్రవేశపెట్టారు.

మా చిన్నమ్మ కొడుకు ప్రస్తుతం ఢిల్లీలోనే చరిత్ర ఆనర్స్ మూడో ఏడాది చదువుతున్నాడు. నాలుగో ఏడాది కూడా ఉంటే డిసర్టేషన్, అంటే సొంత పరిశోధన వ్యాసం, రాసే వీలుంది. "అన్నా, చందుపట్ల మీద చేస్తే ఒప్పుకుంటరా?" అని మొన్న ఫోన్‌లో అడిగాడు. ఒప్పుకుంటారో లేదో వాళ్ల మేడమ్‌ను అడగమని చెప్పి, ఈ వేసవిలో పాత తెలుగు లిపి నేర్చుకోమన్నాను. ఉండాలా, మూడేళ్లకే వచ్చేయాలా అన్నది వాడింకా తేల్చుకోలేదు.